లాభం, రెండు, మూడు

మహిళా హాస్టలు, హైదరాబాదు
జనవరి 27, 1986

మావయ్యగారికి, కల్యాణి నమస్కారాలు.

పని పడితే తప్ప మీ మేనకోడలు ఉత్తరం రాయదని మీరు అమ్మతో అన్నారట. నిజమే. పని పడింది.

నేనిక్కడ డ్రిల్లు టీచరు ట్రైనింగులో చేరిన సంగతి మీకు తెలుసు. పరుగులు, ఆటలు, ఈల ఊదడం, సున్నంతో కోర్టు గీయడం అన్నీ వచ్చాయి. పుషప్ ఒక్కటే రాలేదు. బోర్లా పడుకుని అరచేతులు నేలకి ఆనించి, ఒంటిని కర్రలా ఉంచి, ఛాతీని కిందికి దించి మళ్ళీ పైకి లేపాలి. మన ఇళ్ళలో దండీలంటారే, అవే. ఏప్రిల్లో ప్రాక్టికల్స్. బయటి ఊరినుంచి వచ్చే పరీక్షకుడి ముందు ఆగకుండా పది తియ్యాలి. ఇదివరకు ఆడపిల్లలు మోకాళ్ళు ఆనించి తీసినా ఒప్పుకునేవాళ్ళట. ఈ ఏడాదినుంచి అది కుదరదని నోటీసు పెట్టారు.

మా నాన్నగారి సంగతి మీకు నేను చెప్పాలా! "ఈల ఊదడానికి చదువెందుకే?" అంటూనే ఒక్క ఏడాదికి సరేనన్నారు. తప్పితే రెండో ఏడాది లేదు. మా ఊరు జంక్షన్లో కిరాణా కొట్లో కూర్చుని పొట్లాలు కట్టాలి. పొట్లాలు కట్టడం నామోషీ అనుకోను గానీ, నాకు మైదానం కావాలి మావయ్యా.

మీ మామిడికాయల కొట్లో గోడమీద ఓ ఫొటో ఉంటుంది కదా, పహిల్వాన్లు కసరత్తు చేసే తాలింఖానా గుమ్మంలో మీరు చొక్కా లేకుండా ఛాతీ విరుచుకుని నిలబడింది. "మా అన్నయ్యనడగవే, అక్కడికి వెళ్ళొచ్చినవాడు" అంది అమ్మ. అందుకే అడుగుతున్నాను. దండీ సరిగ్గా తియ్యడం ఎలా?

అత్తయ్యకి నమస్కారాలు.

కల్యాణి


నూజివీడు
ఫిబ్రవరి 5

చిరంజీవి కల్యాణిని దీవించి మావయ్య రాఘవయ్య రాసేది.

ఇక్కడ నేనూ, మీ అత్తయ్యా, తోటల్లో పూతా బావున్నాం. నీ ఉత్తరాన్నిబట్టి నువ్వు బావున్నావు, నీ చేతులే బాలేవు.

ముందు ఆ ఫొటో సంగతి. తాలింఖానాకి వెళ్ళిన మాట నిజం. పొద్దున్నే అక్కడ నానేసిన శనగలూ బెల్లమూ పెట్టేవాళ్ళు. ఆ శనగల రుచి ఇప్పటికీ నాలుకమీద ఉంది, తక్కిందేదీ ఒంటిమీద లేదు. ఫొటో తీసిన రోజున అందరూ చొక్కాలు విప్పారు, నేనూ విప్పాను. అందరూ ఊపిరి బిగబట్టారు, నేనూ బిగబట్టాను. ఫొటో ఆయన చెయ్యి చురుకైనవాడు కాబట్టి నా ప్రాణం దక్కింది. మీ అత్తయ్య ఆ ఫొటో చూసే నన్ను చేసుకుంది, ఆ మాట వేరే.

కాబట్టి నాకేమీ తెలీదు. కానీ నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి తెలుసుకోవాలని ఒకటే తహతహగా ఉంది. అరవై దాటినవాణ్ణి, తక్కెడ తప్ప ఇంకోటి ఎత్తలేదు. మనిషి తన బరువు తానే ఎత్తుకోవడం ఏం బేరమో! నా చదువంతా పొట్లం కాగితాలమీద సాగింది. వ్యాసం మొదలు చింతపండుతో పోయేది, చివర ఎండుమిరపకాయలతో పోయేది. నాకేదైనా మధ్యనుంచే తెలుస్తుంది. ఇదీ అంతే అనుకో.

ఆ రోజుల్లో మాతో తిరిగిన పహిల్వాను అప్పారావు ఇప్పుడు బస్టాండు దగ్గర సోడాకొట్టు పెట్టాడు. వెళ్ళి అడిగాను. గంటసేపు చెప్పాడు. నడుం పైకి లేపి, తలని కిందికి దించి, మూసిన తలుపు కిందినుంచి పిల్లి దూరినట్టు ఒళ్ళంతా ముందుకి జార్చి, ఛాతీ పైకెత్తి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాలట.

"ఏదీ, ఒకటి తీసి చూపించవోయ్" అన్నాను.

"ఇప్పుడా? ఇప్పుడు ముందు పొట్ట దిగుతుంది రాఘవయ్యా. అది దిగాక ఇంకేం దిగదు" అన్నాడు, గోళీసోడా కొట్టి ఇస్తూ.

ఆ పిల్లి పద్ధతి సాధన చేసి చూడు.

మావయ్య


హైదరాబాదు
ఫిబ్రవరి 18

మావయ్యగారికి,

పిల్లిలా దూరాను. మైదానమంతా నవ్వింది.

మా విజయలక్ష్మి మేడమ్ మాత్రం నవ్వలేదు. "ఇది మన పాతకాలం దండీ కల్యాణీ. మంచిదే. కానీ పరీక్షలో అడిగేది ఇది కాదు. ఇందులో నడుం లేవకూడదు, వాలకూడదు. మడమ దగ్గర్నుంచి తలదాకా తాడు లాగి పట్టినట్టుండాలి. చేతులు భుజాలకంటే కొంచెం ఎడంగా పెట్టుకో" అన్నారు.

ఉంగుటూరునుంచి వచ్చిన ఇన్నమ్మ నా గదిలోనే ఉంటుంది. నేను తీస్తుంటే తన పిడికిలి నేలమీద నిలబెట్టి నా ఛాతీ కింద ఉంచుతుంది. ఛాతీ పిడికిలికి తగిలితేనే లెక్క, లేకపోతే లేదు. మూడో దండీదాకా బాగానే ఉంటున్నాను. ఆ తర్వాత "ఒసే, ఛాతీకంటే ముందు బొడ్డొచ్చి పలకరిస్తోందే నన్ను" అంటుంది. చేతుల్లో బలం లేక కాదు మావయ్యా. నడుం వాలిపోతోంది. ఎందుకంటారు?

అక్షరాలు వంకరగా ఉంటే క్షమించండి. కుడి మణికట్టుకి గుడ్డ కట్టుకుని రాస్తున్నాను. అమ్మకి చెప్పకండి.

కల్యాణి


నూజివీడు
మార్చి 6

చి. కల్యాణికి,

మీ అమ్మకి చెప్పలేదు. మీ అత్తయ్యకి చెప్పాను, అంటే రేపో మాపో మీ అమ్మకి తెలుస్తుంది.

నీది దండీ కాదమ్మాయ్, దండెం. రెండు కొసలూ గట్టిగానే కట్టావు, మధ్యలో తడిపంచె ఆరేశావు. ఇంట్లో అయితే దండేనికి గుంజ ఎగదన్ని లేపుతాం. మనిషికి గుంజ పెట్టలేం కాబట్టి తాడునే బిగించాలి. పొట్ట బిగించు, పిరుదులు బిగించు, తొడలు బిగించు. పనంతా చేతులదేనని నువ్వూ అనుకున్నావు, నేనూ అనుకున్నాను. ఇంట్లో ఒక్కరు చాకిరీ చేస్తూ తక్కినవాళ్ళు నిద్రపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో నీ నడుమూ అలాగే ఉంది.

అసలు నేలమీదే మొదలుపెట్టమని ఎవరు చెప్పారు? ముందు గోడ. గోడకి కాస్త ఎడంగా నిలబడి అరచేతులు ఆనించి, ఛాతీని గోడదాకా తీసుకెళ్ళి వెనక్కి రా. అది తేలికైపోయాక గల్లాబల్ల. తర్వాత బెంచీ. ఆ తర్వాతే నేల. చేతులు ఎంత కిందున్న వాటిమీద ఆనితే ఒళ్ళు అంత బరువెక్కుతుంది. మోచేతులు పక్కలకి బారచాపకు, భుజాలు తిట్టుకుంటాయి. డొక్కలకి అతికించనూ వద్దు. గొడుగు సగం తెరిచినట్టు ఉంచు. వేళ్ళు విడివిడిగా పరిచి వేళ్ళతో కూడా నేలని పట్టుకో. బరువంతా మణికట్టుమీద పడేస్తే అదే నీ చేత గుడ్డ కట్టించుకుంటుంది. మెడ వేలాడెయ్యకు. వేళ్ళకి జానెడు ముందు చీమ వెళ్తోందనుకుని దాన్ని చూస్తూ ఉండు.

ఇవన్నీ నాకెలా తెలిశాయని అడక్కు. తెలిశాయి.

ఇంకో మాట. ఇన్నమ్మ పిడికిలి బదులు మామిడికాయ పెట్టుకో. పిడికిలిమీద ధబాలున పడినా అది ఊరుకుంటుంది, మామిడికాయ ఊరుకోదు. మన దగ్గర చెట్టుమీంచి కాయని చిక్కంలోకి ఎలా దింపుతారో నువ్వు చూశావు. నేలకి తగిలిన కాయ రెండోరోజుకి నల్లబడుతుంది. నీ ఛాతీ కాయకి తగలాలి, కాయ కందకూడదు. దించడం నేర్చుకుంటే లేవడం దానంతటదే వస్తుంది. చిక్కల్లా ఒకటే. ఇప్పుడు కాయలు పిందెలు, మేలో పెద్దవవుతాయి. నీకు కావలసింది దీనికి తలకిందులు. ముందు పెద్దది, పోనుపోను చిన్నది. దేవుడు మామిడిచెట్టుని చేసేటప్పుడు డ్రిల్లు మాస్టార్ని సంప్రదించలేదు. అందుకని కొబ్బరికాయతో మొదలుపెట్టు.

లెక్క మాత్రం పైకి అనుకుంటూ తియ్యి. కొట్లో కాయలు లెక్కపెట్టినట్టే, ఒకటికి బదులు లాభమని. లాభం, రెండు, మూడు. "ఒకటి" అన్నంత సేపట్లో మనిషి నేలమీద పడొచ్చు. "లా...భం" అంటూ దిగితే తొందరపడ్డానికి వీలుండదు.

మావయ్య

కల్యాణీ, అత్తయ్యని. మడత పెట్టమని ఇస్తే మిగిలిన జాగాలో రాస్తున్నాను. వారం రోజులుగా ఈయన చొక్కా ముందరంతా సిరా మరకలే. "ఏంటండీ ఇది?" అంటే "గల్లాబల్ల దగ్గర లెక్కలు రాస్తున్నానే" అంటున్నారు. ఛాతీతో రాస్తారా ఎవరైనా? నువ్వేమన్నా పురమాయించావా? – పుష్పవతి.


హైదరాబాదు
మార్చి 22

మావయ్యగారికి,

కొబ్బరికాయ రెండ్రోజులు బాగానే పనిచేసింది. మూడోరోజు హాస్టలు వంటమనిషి పచ్చడి చేసేసింది. ఇప్పుడు పచ్చి మామిడికాయకొచ్చాను. అదెక్కడ పచ్చడవుతుందోనని దిండు కింద దాచుకుంటున్నాను.

గోడ, బల్ల, బెంచీ దాటి నేలకొచ్చాను. మణికట్టు గుడ్డ విప్పేశాను. పొట్ట బిగించడం గుర్తుపెట్టుకుంటే నడుం మాట వింటోంది.

లెక్క సంగతి వినండి. మొదటిరోజు నేను "లాభం" అనగానే ఇన్నమ్మ కొబ్బరికాయ లాగేసి లేచి కూర్చుంది. "నీకు దండీ తీస్తే లాభమొస్తుందా? ఎంతొస్తుందే? నాకూ వాటా ఇవ్వు" అంది. ఇప్పుడు మా వరండాలో అమ్మాయిలందరూ అలాగే లెక్కపెడుతున్నారు. బట్టలుతికేటప్పుడు కూడా.

ఆరో దండీదాకా మేడమ్ "భేష్" అంటున్నారు. ఏడోది మాత్రం గబగబా దిగి గబగబా లేచేస్తున్నాను. కాయకి ఛాతీ తగిలిందో లేదో నాకే తెలియడం లేదు. అక్కడ చెడితే ఎనిమిదికి అసలు లేవలేకపోతున్నాను. ఏడోదాని దగ్గర ఏముంది మావయ్యా?

అత్తయ్యకి చెప్పండి, నేనేమీ పురమాయించలేదు. అయినా గల్లాబల్ల దగ్గర ఏం చేస్తున్నారు మీరు?

కల్యాణి


నూజివీడు
ఏప్రిల్ 3

చి. కల్యాణికి,

గల్లాబల్ల దగ్గర వ్యాపారం చేస్తున్నాను. ఇంకేం చేస్తాను?

నీ ప్రశ్న భలేగా ఉంది. దాంతో నాకు రెండుపూటలా అన్నం సహించలేదు. ఏడోదాని దగ్గర ఏముంది? మన కొట్లో ఏముందో అదే ఉంది. కొనడానికొచ్చినవాడి మొహం చూస్తూ "ఏడు" అని ఎవడైనా అంటాడా? మా నాన్న దగ్గర నేను మొట్టమొదట తిన్న మొట్టికాయ ఆ అంకెకే. "పొద్దున్నే బేరానికొచ్చినాయన్ని ఏడవమంటావేంట్రా?" అన్నాడు. అందుకని ఆరు తర్వాత ఆరున్నొకటి అంటాం. నువ్వూ పుట్టినప్పట్నుంచీ అంటున్నావు.

ఇప్పుడు ఆ మాట ఎంత పొడుగుందో చూడు. లాభంకంటే పొడుగు, తొమ్మిదికంటే పొడుగు. నువ్వు దాన్ని కుదించి "ఆర్నొకటి" అని మింగేస్తుండాలి. పందెం వేస్తాను. ఒంట్లో ఓపిక తగ్గేది సరిగ్గా అక్కడే, మనిషి తప్పించుకోవాలని చూసేదీ అక్కడే. మన పెద్దవాళ్ళు ఆ చోటే అంత పొడుగు మాట పెట్టారు. దండీల కోసం పెట్టి ఉండరు గానీ, పనికొస్తే ఎవరొద్దన్నారు? "ఆ...రు" అంటూ మెల్లిగా దిగు. కాయ తగిలాక "న్నొ...కటి" అని ఊపిరి వదుల్తూ లే. ఏడోది నిమ్మళంగా తీసినవాడికి ఎనిమిది ఎదురొచ్చి మరీ పలకరిస్తుంది. నాకు ఇంకా ఎదురవలేదు గానీ, అలాగే అనిపిస్తోంది.

మార్కెట్టు మొదలైంది. లారీ గుమాస్తా సుబ్బారావు చేత కలెక్టరుకాయలు కొన్ని పంపుతున్నాను. గట్టివి, నిన్ను భరిస్తాయి. రసాలు నువ్వు పాసయ్యాక.

మావయ్య

అత్తయ్యని. "నాకు ఇంకా ఎదురవలేదు" అంటే ఏంటో నువ్వైనా అడుగు. కొట్టు ముందు బెంచీకి కాలు విరిగింది. ఎవరూ కూర్చోకుండానే విరిగిందట!


హైదరాబాదు
ఏప్రిల్ 19

మావయ్యగారికి నమస్కారాలు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. హాస్టల్లో నీళ్ళు ఒకపూటే వదుల్తున్నారు. కలెక్టరుకాయలు అందాయి, అందరూ ఉప్పూకారం అద్దుకుని తిన్నారు. ఇన్నమ్మ వాళ్ళ ఊరు వెళ్ళింది. నేను ఇంకో నాలుగు రోజుల్లో ప్రయాణం పెట్టుకుందామనుకుంటున్నాను. సీజను ఎలా ఉంది? అత్తయ్య మోకాలినొప్పి తగ్గిందా?

ఉంటాను.

కల్యాణి


నూజివీడు
ఏప్రిల్ 25

కల్యాణీ,

నీ ఉత్తరంలో ఎండలున్నాయి, నీళ్ళున్నాయి, అత్తయ్య మోకాలుంది. దండీ అన్న మాట లేదు. లాభం అన్న మాట లేదు.

నువ్వు ఇల్లు చేరలేదని మీ అమ్మ చెప్పింది. బేరం పోయినవాడు మా కొట్టు ముందునుంచి వెళ్తూ వానల గురించి మాట్లాడతాడు. నలభై ఏళ్ళుగా వింటున్నాను ఆ వానల మాటలు. ఏం జరిగిందో రాయి.

మావయ్య


హైదరాబాదు
మే 1

మావయ్యగారికి,

మీ లాభం నాకు నష్టం తెచ్చింది.

ఈ వాక్యం రాయకూడదనే మొన్న ఎండల గురించి రాశాను. రాసేశాక కాస్త తేలిగ్గా ఉంది. జరిగింది మొత్తం చెప్తాను.

పోయిన నెల పదహారో తారీకున పరీక్ష. పరీక్షకుడుగారు పూనానుంచి వచ్చిన మరాఠీ ఆయన. మంచిమనిషి. మా లెక్క తెలియడానికని తెలుగు అంకెలు పదిదాకా బట్టీపట్టి మరీ వచ్చారు. మేం లెక్క పైకి చెప్తూ తియ్యాలి. ఆయన పక్కకి వంగి నడుం వాలుతోందా, మోచేతులు ఎక్కడున్నాయి అన్నదే చూస్తారు. లెక్క చెవితో పట్టుకుంటారు.

"ఒకటి" అనాలనే అనుకున్నాను మావయ్యా. ఒట్టు. పడుకోబోయే ముందు మనసులో పదిసార్లు అనుకున్నాను. ఛాతీ కిందికి దిగేసరికి నోటిలోంచి "లా...భం" వచ్చింది. ఒకసారి వచ్చాక ఇంకేముంది, ఆరు తర్వాత ఆరున్నొకటీ వచ్చింది. పదీ తీశాను. ఒక్కదానికీ నడుం వాలలేదు. ఇన్నేళ్ళలో నా ఒళ్ళు అంత బాగా నా మాట విన్నది అదే మొదటిసారి.

లేచి చూస్తే ఆయన మొహం మాడిపోయి ఉంది. లాభం అంటే దేవుడి పేరనుకున్నారట. ఆ తర్వాత రెండు వినపడింది. ఒకటి ఏదీ? ఆరు రెండుసార్లు వినపడింది, ఆ వెంటనే ఎనిమిది వచ్చింది. ఏడు ఏదీ? కాగితంమీద ఇలా రాశారు: "తీసినవి ఎనిమిదే. రెండు అంకెలు మింగి పది చెప్పింది."

తప్పానని రాసి ఉంటే భరించేదాన్ని. దొంగలెక్క చెప్పానని రాశారు. నా ఛాతీ కింద పిడికిలి పెట్టిన ఇన్నమ్మ "నా పిడికిలికి పదిసార్లు తగిలింది సార్" అంది. స్నేహితురాలి సాక్ష్యం చెల్లదన్నారు. అప్పటికి మేడమ్ ఇంకో బ్యాచి దగ్గరున్నారు. తర్వాత వచ్చి చెప్పబోయారు గానీ, ఆయనకి రైలు టైమైపోయింది.

ఈ నెల పద్ధెనిమిదిన ఆయన మళ్ళీ వస్తారట, మిగిలిన బ్యాచికి. మళ్ళీ పరీక్ష పెట్టమని అర్జీ పెట్టుకోమన్నారు మేడమ్. ఏమని పెట్టుకోను? నాన్నగారికి ఇంకా చెప్పలేదు. చెప్తే "వచ్చెయ్" అంటారు, అంతే. కొట్లో కూర్చుని మళ్ళీ లాభం, రెండు, మూడు.

కల్యాణి


నూజివీడు
మే 6

చి. కల్యాణికి,

నీ ఉత్తరం కొట్లో అందరి ముందూ చదివాను. మధ్యలో ఆపేశాను.

మన ఇంట్లో తూకం తప్పిందన్నవాళ్ళున్నారు, కాయ పులుపన్నవాళ్ళున్నారు. లెక్క తక్కువన్నవాళ్ళు లేరు. అది నీమీద పడింది, అదీ నేను అనిపించిన మాటవల్ల. రైలెక్కి వచ్చి ఆయనకి నేనే చెప్తానని పంచె మార్చుకున్నాను. మీ అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్ళి ఏం చెప్తారు?"

"లాభమంటే ఏంటో చెప్తాను."

"మీరు లాభం దగ్గర మొదలుపెట్టి, మీ నాన్న మొట్టికాయ, పొట్లం కాగితాలు, తాలింఖానా శనగలు అన్నీ దాటి ఏడుదాకా వచ్చేసరికి ఆయన పూనా చేరతాడు. కూర్చోండి."

కూర్చున్నాను. కూర్చుంటే ఒకటి తోచింది.

మన కొట్లో కొన్నవాడికి లెక్కమీద అనుమానమొస్తే ఏం చేస్తాం? వాదిస్తామా? మా గుమాస్తా నిజాయితీపరుడని సాక్ష్యాలు చెప్పిస్తామా? గంప అక్కడికక్కడ బోర్లించేస్తాం. "మీరే లెక్కపెట్టుకోండి" అని పక్కకి జరుగుతాం. గంప బోర్లించినవాడిమీద ఇంతవరకు ఎవడూ రెండో మాట అనలేదు.

నువ్వు కూడా బోర్లా పడుకో అమ్మాయ్. అర్జీలో ఇంకేమీ రాయకు. మళ్ళీ తీస్తాను, లెక్క మీరే పెట్టండి అని రాయి. ఏ భాషలో కావాలంటే ఆ భాషలో పెట్టుకోనీ. నువ్వు నోరు మెదపకు. పొట్ట బిగించు, చీమని చూడు, కాయ కందకుండా దిగు.

మీ నాన్నకి నేను చెప్తాను. చెప్పేది నేను కాబట్టి పద్ధెనిమిదో తారీకుదాకా పడుతుంది.

మావయ్య


హైదరాబాదు
మే 19

మావయ్యా!

నమస్కారాలూ అవీ తర్వాత. పాసయ్యాను.

అర్జీలో మీరు చెప్పిన రెండు ముక్కలే రాశాను. నిన్న పొద్దున మైదానానికి పిలిచారు. ఈసారి విజయలక్ష్మి మేడమ్ కూడా ఉన్నారు. పరీక్షకుడుగారు గొంతుక్కూర్చుని "లెక్క నాది" అన్నారు. ఇంకెవరి పిడికిలీ వద్దని తన పిడికిలే నా ఛాతీ కింద పెట్టారు. అది కాయకంటే చిన్నది. అప్పుడు భయమేసింది.

"ఏక్, దోన్, తీన్" అని మరాఠీలో అంటున్నారు. నేను నోరు మూసుకున్నాను. "సహా" దాటింది, అంటే ఆరు. ఏడుకి "సాత్" అన్నారు. ఎంత పొట్టి మాటో! కానీ నా ఒంటికి సాత్ తెలీదు కదా. అది తనపాటికి తను "ఆ...రు" అంటూ దిగింది. ఆయన సాత్ అనేసి, తర్వాతి అంకె నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. నేను పిడికిలిని తాకి, నిమ్మళంగా లేచాను. అప్పుడన్నారు "ఆఠ్" అని. ఆ తర్వాత ఆయన లెక్క నా వెనకాల నడిచింది.

"దహా" అన్నారు. పది. నేను ఆగలేదు. ఇంకోటి తీశాను, అదే నిదానంతో. లేచి చేతులు దులుపుకున్నాను.

"ఇదెందుకు?" అన్నారు. ఆయనకి ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. "అది కొసరు సార్" అన్నాను. మేడమ్ నవ్వాపుకుంటూ చెప్పారు. ఈ అమ్మాయిది వ్యాపారస్తుల కుటుంబం, అడిగినంత కొలిచాక పైన కాస్త వెయ్యకుండా పంపరు అని. ఆ వెంటే లాభం గురించీ, ఆరున్నొకటి గురించీ చెప్పారు. ఆయన పాత కాగితం తీయించి, రాసింది కొట్టేసి, పక్కన సంతకం చేశారు. "మీ ఊళ్ళో ఏడోది అందరూ ఇలాగే తీస్తారా?" అని అడిగారు. "మా వైపు ఇద్దరే తీస్తారు సార్. ఒకరు దాచిపెట్టి తీస్తారు" అన్నాను.

మైలవరంలో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు ఖాళీ ఉందట. బడి తెరవగానే చేరమన్నారు. నాన్నగారు "సరే, ఈల కొనుక్కో" అని రాశారు.

ఇప్పుడు చెప్పండి. బెంచీ కాలు ఎలా విరిగింది?

కల్యాణి


నూజివీడు
జూన్ 2

చి. కల్యాణికి, అత్తయ్య దీవెనలు.

చెప్పేది మీ మావయ్య, రాసేది నేను. ఆయన చేతులు ఇంకా వణుకుతున్నాయి. భయపడకు, మంచి వణుకే. ఆయన చెప్పినవన్నీ రాయను, సగం రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి దాపరికం మానేశారు. కొట్టు తెరవకముందే గోనెసంచి పరిచి వాకిట్లో పడుకోవడం, సగం దిగి "అబ్బా" అని చతికిలబడడం. "ఈ వయసులో ఎందుకండీ?" అంటే "తెలుసుకోవాలే" అంటారు. తోటనుంచి కాయ తెచ్చే ఇన్నయ్య మొన్న చూసి "అయ్యగారికి ఏమన్నా పడిపోయిందా అమ్మా, వెతుకుతున్నారు?" అన్నాడు.

ఇవాళ పొద్దున ఇన్నయ్య దింపిన గంపలోంచి పండిన చిన్నరసం ఒకటి ఏరి, తొడిమ పక్కకి తిప్పి, గోనెసంచి మీద పెట్టారు. ఛాతీ దానిమీదికొచ్చేట్టు చేతులు ఆనించారు. కాళ్ళు చాపారు. పొట్ట లోపలికి పోయింది. ఆ పొట్ట లోపలికి పోవడం నేను ఆ ఫొటోలో తప్ప ఎప్పుడూ చూడలేదు.

దిగారు. కల్యాణీ, నేను ఊపిరి బిగబట్టాను. కాయకి తగిలారు. అక్కడ కాసేపు ఉండిపోయారు. ఇక లేవరనుకుని నేను కొంగు బిగించి ముందుకొచ్చాను. అప్పుడు మెల్లిగా, అంగుళం అంగుళం, గొడుగు సగం తెరిచినట్టే లేచారు. పూర్తిగా లేచి, మొహమంతా ఎర్రబడి, ఇన్నయ్య వైపు చూసి అరిచారు:

"లాభం!"

ఇన్నయ్య గంప కిందపెట్టి నిలబడ్డాడు. "రెండు?" అన్నాడు.

"మొదటిది లాభమన్నాక రెండోదానికి తొందరేంట్రా?" అని అక్కడే కూలబడ్డారు.

ఆ కాయని సుబ్బారావు చేత నీకు పంపుతున్నాం, దూదిలో చుట్టి. అటూ ఇటూ తిప్పి చూసి, కందిందో లేదో ఉన్నదున్నట్టు రాయమంటున్నారు. పక్కన ఇంకోటి కూడా పెట్టాను. అది కొసరు.

అత్తయ్య